అరుగు లేని ఇల్లు

మధ్యాహ్నం పూట మా ఇంట్లో ఇద్దరం ఉద్యోగం చేస్తుంటాం. మా ఆయన బెడ్‌రూంలో తలుపు వేసుకుని, నేను హాల్లో డైనింగ్ టేబుల్ మీద ఓ మూల లాప్‌టాప్ పెట్టుకుని. కంపెనీలు వేరు, పని దాదాపు ఒకటే, ఇద్దరి చెవులకీ హెడ్‌ఫోన్లు. ఇంతలో బెల్ మోగుతుంది. మంచినీళ్ల క్యాన్ తెచ్చిన కుర్రాడో, కొరియర్ అబ్బాయో, మెయింటెనెన్స్ రసీదు పట్టుకుని వాచ్‌మనో. నేను లేస్తాను. లేవమని ఎవరూ చెప్పలేదు. స్క్రీన్ మీద నలుగురు నా జవాబు కోసం చూస్తున్నా సరే, ‘ఒక్క నిమిషం’ అని మ్యూట్ నొక్కి మరీ లేస్తాను. ఆయనకు వినబడదా అంటే, హెడ్‌ఫోన్లు నాకూ ఉన్నాయి, నాకు వినబడుతోంది కదా! కొన్నాళ్లుగా ఈ సంగతి నన్ను సతాయిస్తోంది. కోపమని అనలేను, పోట్లాడేంత విషయమూ కాదు. గుమ్మానికి దగ్గరగా ఉన్నది నేనే కాబట్టి లేస్తున్నానని సర్దిచెప్పుకోవచ్చు. నిజమే, టేబుల్ నుంచి తలుపు నాలుగడుగులు. మరి ఆ టేబులు నా వాటాకు ఎలా వచ్చింది? తలుపున్న గది ఆయన వాటాకు ఎలా వెళ్లింది? అలాంటి పంపకం ఎప్పుడు చేసుకున్నామో ఇద్దరికీ గుర్తులేదు.

గుర్తున్నంతవరకు మొదలైంది 2020 మార్చిలో. ఇరవై నాలుగో తారీఖు రాత్రి లాక్‌డౌన్ ప్రకటన వచ్చేసరికే మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల నుంచి జనం కంప్యూటర్లను కార్ల డిక్కీల్లోనూ, ఆటోల్లో ఒళ్లోనూ పెట్టుకుని ఇళ్లకు చేరవేస్తున్నారు. అమీర్‌పేట హాస్టళ్లలో పిల్లలు సొంతూళ్లకు వెళ్లిపోయి, సిగ్నల్ కోసం డాబాలెక్కి, వేపచెట్ల కింద మంచాలేసుకుని లాగిన్ అయ్యారు. అప్పట్లో ఎక్కడ చూసినా వర్క్ ఫ్రం హోం సూత్రాలే. కుర్చీ నడుముకు ఆనాలి, స్క్రీన్ పై అంచు కంటి ఎత్తులో ఉండాలి, మధ్యమధ్యలో లేచి నాలుగడుగులు వెయ్యాలి, నెట్ పోతే ఫోన్ హాట్‌స్పాట్, కరెంటు పోతే ఇన్వర్టర్, పొద్దున్నే స్నానం చేసి బట్టలు మార్చుకోవాలి, పనికో చోటు ఉండాలి, పనికో వేళ ఉండాలి. అన్నీ మంచి మాటలే. వంటింటి స్టూలు మీద కూర్చుని రోజులు నెట్టి, ఆ తర్వాత మెడనొప్పితో ఫిజియోథెరపీకి తిరిగినవాళ్లను అడిగితే ఆ సూత్రాల విలువ చెబుతారు. నాకు వింతగా తోచేది వేరే ఉంది. ఆ సలహాల్లోని ఇల్లు ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది. అందులో అత్తయ్య బీపీ మాత్ర వేళ లేదు, పిల్లాడి స్కూల్ బస్సు లేదు, మూడో విజిల్‌కి కట్టెయ్యాల్సిన కుక్కర్ లేదు. పనికో చోటు చూసుకోమన్నవాళ్లు, ఆ చోట్లోంచి లేపేవాళ్ల గురించి ఒక్క ముక్కయినా చెప్పలేదేం?

ఇల్లూ, ఉద్యోగమూ ఒకే కప్పు కింద ఉండటం నేను మొదటిసారి చూసింది లాక్‌డౌన్‌లో కాదు. నరసాపురం దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో ఎదురిల్లు కరణంగారిది. ఆయనకు ఆఫీసంటూ వేరే లేదు, వీధి అరుగే ఆఫీసు. శిస్తు లెక్క చూపించుకోవడానికి, అడంగల్ నకలు రాయించుకోవడానికి వచ్చిన రైతులు అక్కడే చతికిలబడేవారు. మజ్జిగ లోపలినుంచి వచ్చేది గానీ మనుషులు గడప దాటి లోపలికి వెళ్లేవారు కాదు. ఆయన దస్తరం మూట కట్టి లోపలికి వెళ్లిపోతే ఇక ఆ పూటకు పని అయిపోయినట్టే. ఆ తర్వాత వచ్చినవాడు రేపు రావలసిందే. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాల పదవులు రద్దు చేశాక ఆ అరుగు పేకాటరాయుళ్ల పాలైంది. ఆ రోజుల్లో ఒక్క కరణమేమిటి, ప్లీడర్లకు ముందుగది, నాటువైద్యుడికి వసారా, దర్జీకి వీధివాకిలి, అందరికీ ఇంటి ముందో చోటుండేది. అది పూర్తిగా వీధీ కాదు, పూర్తిగా ఇల్లూ కాదు. పని అక్కడిదాకా వచ్చి ఆగేది. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో తలుపు తీస్తే లిఫ్టు, వేస్తే సోఫా. మధ్యలో ఏమీ లేదు. ఉద్యోగం వచ్చి నేరుగా అన్నం తినే బల్ల మీద కూర్చుంది.

అంతా అరుగు పోవడం వల్లే వచ్చిందని ఇక్కడితో తేల్చేస్తే హాయిగా ఉండేది. కానీ ఇలా అనుకుంటున్నప్పుడే ఒక అనుమానం వచ్చింది. ఇంట్లో పని అనగానే నాకు ఎదురింటి అరుగే ఎందుకు గుర్తొచ్చింది? మా అమ్మమ్మ ఇంటి పెరటి వసారా ఎందుకు గుర్తురాలేదు? అక్కడ మధ్యాహ్నం భోజనాలయ్యాక చుట్టుపక్కల ఆడవాళ్లంతా చేరి లేసు అల్లేవారు. ఒడిలో తెల్లదారం ఉండ, చేతిలో కొక్కెం సూది, కబుర్లు ఆగేవి కావు, వేళ్లూ ఆగేవి కావు. పొయ్యి మీద పాలు పొంగినా, గేదె కట్టు తెంచుకున్నా, చంటిది నిద్రలేచినా సూది ఉండలో గుచ్చి లేచేవారు, మళ్లీ వచ్చి అల్లిక అందుకునేవారు. ఏజెంటు వచ్చి దారం ఇచ్చి, అల్లిన ముక్కలు పట్టుకెళ్లేవాడు. ముక్కకింత అని కూలి. ఆ బల్లగుడ్డలు, దిండు గలేబులు ఓడలెక్కి ఏ దేశాలకో పోయేవి. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఆ ప్రాంతపు ఆడవాళ్లకు నేర్పిన విద్య అది. ఎవరైనా చుట్టం వచ్చి అమ్మమ్మ గురించి అడిగితే తాతయ్య చెప్పే జవాబు మాత్రం ఒకటే: ‘ఏముంది, ఇంట్లోనే ఉంటుంది.’

తాతయ్య ఒక్కడే అలా అన్నాడనుకుంటే ఆయనకు అన్యాయం చేసినట్టే. మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త మా నరసాపురం ప్రాంతానికి వచ్చి, లేసు అల్లేవాళ్ల బతుకులు పరిశీలించి 1982లో ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అనే పుస్తకం వేసింది. ప్రపంచ మార్కెట్‌కు సరుకు తయారుచేస్తున్న ఆ ఆడవాళ్లను కార్మికులుగా ఎవరూ లెక్కించడం లేదని, వాళ్లు గృహిణులని, తీరిక వేళ ఏదో కాలక్షేపానికి అల్లుతున్నారని అందరూ అనుకోవడం వల్లే కూలి అంత తక్కువగా ఉంచడం సాధ్యమైందని ఆవిడ చూపించింది. వ్యాపారం చేసేది, బయట తిరిగేది మగవాళ్లు కాబట్టి వాళ్లది పని. ఈ పుస్తకం గురించి తెలిసింది నాకు హైదరాబాద్ వచ్చి ఉద్యోగంలో కుదురుకున్నాకే. మన పెరటి సంగతి మనకు జర్మనీ మనిషి చెప్పాలా అని మొదట కొంచెం ఉడుక్కున్నాను. చదువుతుంటే మాత్రం వసారాలో ఒక్కొక్క మొహం కళ్లముందుకొచ్చింది. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. సరుక్కి పేరొచ్చింది, అల్లిన మనిషి ఇంకా చాలా ఇళ్లలో ‘ఇంట్లోనే ఉంటుంది.’

మగ్గాల ఇళ్లలో మాత్రం వేరేలా ఉండేదా? ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి రోజూ ఆసు పోసేది. పోచంపల్లి తరహా చీర నెయ్యాలంటే ముందు దారాన్ని మేకుల చుట్టూ ఒక క్రమంలో తిప్పి సిద్ధం చెయ్యాలి. ఒక్క చీరకు చెయ్యి కొన్ని వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. తల్లి భుజం నొప్పి చూడలేక ఆ కొడుకు ఏళ్లతరబడి తంటాలుపడి 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. దానికి అమ్మ పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా వచ్చింది. ఆ కథలో యంత్రం కన్నా నన్ను ఎక్కువ ఆపేసేది ఆ భుజం. చీర ఎవరు నేశారంటే మగ్గం మీద కూర్చున్న మనిషి పేరు చెబుతాం. ఆసు పోసిన చెయ్యి, కండెలు చుట్టిన చెయ్యి చీరలోనే ఉంటాయి గానీ పేరులో ఉండవు. ఇంటి నుంచి పని తెలుగువాళ్లకు కొత్త అనేవాళ్లను ఒకసారి పోచంపల్లో, మంగళగిరో తీసుకెళ్లాలనిపిస్తుంది. కొత్తగా వచ్చిందల్లా నెలజీతం ఉన్నవాళ్లు, అందులోనూ మగవాళ్లు, పగలంతా ఇంట్లో ఉండిపోవడమే.

కంప్యూటర్ పనిని తొలిరోజుల్లోనే ఇళ్లలోకి తెచ్చినవాళ్లలోనూ ఒక ఆడమనిషి ఉంది. స్టెఫనీ షర్లీ 1962లో ఇంగ్లండులో ‘ఫ్రీలాన్స్ ప్రోగ్రామర్స్’ అనే సంస్థ పెట్టింది. పెళ్లయి, పిల్లలు పుట్టి ఉద్యోగాలు మానుకున్న ప్రోగ్రామర్లను వెతికి పట్టుకుని, వాళ్ల ఇళ్లకే పని పంపింది. మొదటి మూడొందల మంది ఉద్యోగుల్లో 297 మంది ఆడవాళ్లే. కాంకర్డ్ విమానం బ్లాక్‌బాక్స్‌కు ప్రోగ్రాం రాసింది వాళ్లే. సొంతపేరుతో ఉత్తరాలు రాస్తే జవాబులు రావడం లేదని ‘స్టీవ్’ అని సంతకం పెట్టడం మొదలుపెట్టాక జవాబులు వచ్చాయట. ఇంకో సంగతి ఉంది. క్లయింట్ ఫోన్ చేసినప్పుడు ఇంట్లో పిల్లల గోల వినబడకుండా, టైప్‌రైటర్లు టకటకలాడుతున్న చప్పుడు రికార్డు చేసి వెనక వినిపించేదట. అది చదివి నవ్వుకున్నాను. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. మేం కాల్‌లో బ్యాక్‌గ్రౌండ్ మసకబారేలా పెట్టుకుని ఆరేస్తున్న బట్టల్ని దాచేది దేనికి? మ్యూట్ బటన్ మీదినుంచి వేలు తియ్యకుండా కూర్చునేది దేనికి? అప్పుడు దాచింది పిల్లల గోల, ఇప్పుడూ దాచేది అదే. మీటింగ్‌లో మగ కొలీగ్ ఒళ్లోకి పాప వచ్చి కూర్చుంటే అందరూ ముచ్చటపడి పలకరిస్తారు. అదే ఆడవాళ్ల ఒళ్లోకి వస్తే, ముందు వినబడేది ఆ తల్లి ‘సారీ’.

మరి ఆఫీసే నయమా? ఈ ప్రశ్నకు నా దగ్గర రోజుకో జవాబు ఉంటుంది. మియాపూర్ నుంచి హైటెక్ సిటీ దాకా వానాకాలం సాయంత్రం బస్సులో నిలబడ్డవాళ్లెవరికీ ఆఫీసు మీద మరీ అంత బెంగ ఉండదు. బాలింతలకు, నడవడం కష్టమైనవాళ్లకు, మంచంపట్టిన పెద్దవాళ్లను చూసుకునేవాళ్లకు ఇంటి నుంచి పని ఉంటేనే ఉద్యోగం ఉంటుంది. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం చైనాలో సీట్రిప్ అనే ప్రయాణాల కంపెనీ కాల్‌సెంటర్‌లో చేసిన ప్రయోగంలో, ఇంటి నుంచి పనిచేసినవాళ్ల పని 13 శాతం పెరిగింది. తొమ్మిది నెలల తర్వాత ఎవరికి నచ్చిన చోటు వాళ్లు ఎంచుకోవచ్చంటే, సగానికి పైగా తాము ముందు కోరుకున్నదాన్ని మార్చుకున్నారు. ఒంటరితనం ఒక కారణం. అందులో నాకు నచ్చిన వివరం మరొకటి ఉంది. ఆ ప్రయోగంలోకి తీసుకోవడానికి ముందే ఇంట్లో పనికి వేరే గది ఉండాలని షరతు పెట్టారు. అంటే ఆ 13 శాతం, తలుపు ఉన్నవాళ్ల లెక్క. డైనింగ్ టేబుల్ వాళ్ల లెక్క ఎంతో?

ఒంటరితనం అన్నప్పుడు నాకు చార్లెస్ లాంబ్ గుర్తొస్తాడు. లండన్‌లో ఈస్టిండియా కంపెనీ ఆఫీసులో 33 ఏళ్లు గుమస్తాగిరీ చేసి 1825లో బయటపడిన మనిషి. ఆ విడుదల మీద ఆయన రాసిన వ్యాసంలో, చేతినిండా కాలం దొరికాక దాన్ని ఏం చేసుకోవాలో తెలియక తికమకపడటం కనిపిస్తుంది. ఆఫీసు గోడలు మనిషిని కట్టేస్తాయి, నిజమే, ఫలానా వేళకు వదిలిపెట్టేదీ అవే. ఇంట్లో ఆ వదిలిపెట్టే పని ఎవరు చెయ్యాలి? మా టీంలో సగం మంది అమెరికాలో ఉంటారు. మార్చిలో అక్కడ గడియారాలు గంట ముందుకు జరిపితే ఇక్కడ మీటింగ్ ఓ గంట ముందుకొస్తుంది, నవంబరులో మళ్లీ వెనక్కి పోతుంది. దాంతోపాటే మా ఇంట్లో రాత్రి భోజనం వేళ మారుతుంది. మా అత్తయ్యకు చికాగోలో తెల్లవారడంతో ఏం సంబంధం? అయినా ఆవిడ చపాతీలు అక్కడి టైం ప్రకారమే కాలతాయి. పని వేళలు దాటాక ఫోన్లకు, మెయిళ్లకు దూరంగా ఉండే హక్కు ఫ్రాన్సులో 2017 నుంచి చట్టంలో ఉంది. మన లోక్‌సభలో 2018లో సుప్రియా సూలే అలాంటి ప్రైవేటు బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు.

2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఇంటి నుంచి పని అవకాశాలు, ముఖ్యంగా మహిళలకు, పెద్దఎత్తున పెంచుతామన్నారు. చిన్న ఊళ్లలో చదువుకుని పెళ్లితో ఆగిపోయిన అమ్మాయిలు నాకు చాలామంది తెలుసు, వాళ్లకిది తలుపు తెరవడమే. ఆ మాట నేను మనస్ఫూర్తిగానే అంటున్నాను. అంటూనే ‘ముఖ్యంగా మహిళలకు’ దగ్గర ఆగిపోతాను. ఇల్లు ఎలాగూ వాళ్లదే కాబట్టి, అందులోనే కూర్చుని ఇదీ చేసుకుంటారని ఎవరి మనసులోనైనా ఉందా? కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన టైం యూజ్ సర్వే ప్రకారం, ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తే, మగవాళ్లు 88 నిమిషాలు. ఆ 88 కూడా మగవాళ్లందరి సగటు కాదు, ఆ పనిలో చెయ్యిపెట్టిన మగవాళ్ల సగటు. నాలుగైదు గంటల జీతంలేని పని అప్పటికే నడుస్తున్న చోటికి ఎనిమిది గంటల జీతమున్న పనిని తెచ్చి పెడితే, ఏం జరుగుతుందో చెప్పడానికి లెక్కల మాస్టారు అక్కర్లేదు.

ఇంట్లో చేసిన పనిని పనిగా గుర్తించడం మనకు చేతకాదా అంటే, అదీ నిజం కాదు. నిజామాబాద్, కరీంనగర్ వైపు చేటలో తునికాకు, తంబాకు పెట్టుకుని గుమ్మంలో బీడీలు చుట్టే ఆడవాళ్లను చూడండి. 1966 బీడీ కార్మికుల చట్టం ఇంటి దగ్గర చుట్టేవాళ్లనూ కార్మికులన్నది. వాళ్లకూ ప్రావిడెంట్ ఫండ్ వర్తిస్తుందని ఎనభైల్లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ గుర్తింపు చట్టం పుస్తకంలోంచి వాళ్ల చేతికి రావడానికి యూనియన్లు కొట్లాడాయి. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి దగ్గర పనిచేసేవాళ్ల కోసం ఒక ఒడంబడిక తెచ్చింది. మిగతా కార్మికులతో సమానంగా వాళ్లనూ చూడాలన్నది దాని సారం. దాన్ని మన దేశం ఇంకా ఆమోదించలేదు. నా లాప్‌టాప్‌కూ, ఆ చేటకూ మధ్య జీతంలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉంది. ఏసీ గదిలో కూర్చుని వాళ్లూ నేనూ ఒకటే అనడం సిగ్గుచేటు. కానీ గుమ్మం దగ్గర కూర్చున్న ఆడమనిషిని ‘ఖాళీగానే ఉందిగా’ అనుకోవడంలో మాత్రం ఆ ఇల్లూ, మా ఇల్లూ ఒక్క తీరే.

అందుకే ఇంటి నుంచి పనికి మొదటి సూత్రం ఏమిటని ఈమధ్య మా బంధువుల అమ్మాయి అడిగితే, కుర్చీ గురించి చెప్పలేదు. కుర్చీ కొనుక్కోవచ్చు, నెట్ పెట్టించుకోవచ్చు, మొదటి జీతంలో ఇన్వర్టరూ వస్తుంది. వాటికన్నా ముందు ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడుకోమన్నాను. తలుపున్న గది ఎవరికి ఏ రోజు, అన్నం ఎవరు వండుతారు, పెద్దవాళ్ల మందులు ఎవరు చూస్తారు, పిల్లల్ని బస్సు దగ్గర ఎవరు దింపుకుంటారు, రాత్రి ఎన్ని గంటలకు ఇద్దరి లాప్‌టాపులూ మూతపడాలి. ఇవన్నీ నోటితో పైకి అనుకోవాలి, వీలైతే కాగితం మీద రాసుకోవాలి. రాసుకోనిదంతా పాత అలవాటు ప్రకారం ఎవరి నెత్తిన పడుతుందో అందరికీ తెలుసు. మేమూ ఈమధ్యే అలా మాట్లాడుకున్నాం, మా ఇంట్లో గది ఇక వారానికొకరిది. మా అబ్బాయి కాలేజీకి సెలవుంటే వంట వాడిది. దీంతో అంతా చక్కబడిందని చెప్పను, చక్కబడే దారి ఇదొక్కటే అని మాత్రం చెప్పగలను. ఒకే గదిలో నలుగురు బతికే ఇళ్లకు ఈ సలహా చాలదు, వాళ్లకు కావలసింది చట్టమూ, తగిన కూలీ. తలుపున్న గదులున్న మనకు ఏ సాకూ లేదు. ఈ ఆదివారం ఓ గంట తీరిక చేసుకుని, ఇంట్లో ఎవరెవరు ఏం చేస్తున్నారో వరసగా రాసి చూడండి. కాగితంలో ఒక్కరి పేరే ఎక్కువసార్లు వస్తే, మిగతావాళ్లు సోమవారం నుంచి పనిలోకి దిగండి.